ఆకుపచ్చ తెర వెనక

రాండర్స్,
1849 ఆగస్టు 20

చిత్రకారులు బ్రూన్ గారికి,

వీసింగ్ వారి బండి తోలే ఎస్బెన్ నమస్కరించి రాయునది. మీరు క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే, ఇరవై రెండేళ్లుగా మీ మీద ఉన్న కోపం తప్ప.

ఆ కుటుంబ చిత్రం గీసినప్పుడు అయ్యగారికి కూర్చునే తీరిక లేదు. ముఖం ఒక్క పూటలో గీయించుకుని ధాన్యం ఓడల దగ్గరికి పోయారు. ఆయన నల్లకోటు నాకు తొడిగి పదకొండు రోజులు కూర్చోబెట్టారు మీరు. తుమ్మితే తిట్టారు. "నీకంటే నీ గుర్రాలే నయం, కాసేపైనా కదలకుండా నిలబడతాయి" అన్నారు. అంత ఓర్చుకున్నందుకు గుమ్మం దగ్గర నన్నూ గీస్తానని మాటిచ్చారు, గీశారు కూడా. చూశాను. బాగుంది. ముక్కే కాస్త పెద్దదైంది.

వారం తిరిగేసరికి నా బొమ్మ మీద ఆకుపచ్చ తెర! ఆ ఇంట్లో ఆకుపచ్చ తెర ఏనాడూ లేదు. మా మధ్య పనివాళ్లెందుకని అమ్మగారు అన్నారట. ఆ మాట మీరు నా ముఖం మీదే చెప్పి ఉండాల్సింది.

చేతులు మాత్రం మిగిలాయి. గుర్రం తన్నిన నా వంకర చిటికెన వేలు అయ్యగారి మోకాలి మీద ఉంది. పాదిరిగారు వచ్చినప్పుడల్లా, "ఆహా, ఏనాడూ పగ్గం పట్టని చేతులు!" అంటారు. అయ్యగారు తన చేతులు జేబుల్లో దాచుకుంటారు. నేను గుర్రపుశాలకు పోయి నవ్వుకుంటాను.

ఇప్పుడు వాళ్ల మనవలను ఆ చిత్రంలో చేర్చడానికి మీరు అక్టోబరులో వస్తున్నారట. ఆ తెర మీదే గీస్తారట. గీశారా, ఇక నేను బయటికి రాను. అందుకే అమ్మగారిని అడిగేశాను. ఆవిడ నవ్వి, "ఇంకా అదే పట్టుకుని వేలాడుతున్నావా ఎస్బెన్? చిత్రకారుడు సరేనంటే నాకేం అడ్డు!" అన్నారు. పిల్లలను చిత్రంలో ఉన్న పియానో పక్కన నిలబెట్టండి. తెర గీకేయండి. పైరంగు జాగ్రత్తగా గీకితే అడుగుది దక్కుతుందని ఇక్కడి రంగుల కొట్టాయన చెప్పాడు. మీకు తెలియదని కాదు.

అవునో కాదో మిఖాయెలు పండుగలోపు రాయండి.

ఇట్లు,
మీరు కదలొద్దంటే కదలని
ఎస్బెన్

తా.క. నా ముక్కు కోసం ఇంత గోల చేస్తున్నాననుకోకండి. ఆనాడు కాఫీ పట్టుకొచ్చిన వంటమనిషి సిడ్సెల్‌ను, నా భార్యను, మీరు నా వెనకే నిలబెట్టి గీశారు. నవ్వొద్దన్నారు. తను నవ్వేసింది. మీరు అలాగే గీసేశారు. పోయిన చలికాలం తను కన్నుమూసింది. తన రూపం ఇంకెక్కడా లేదు. నన్ను తెర వెనకే ఉంచినా సరే, తనను బయటికి తీయండి. మిఖాయెలు పండుగ సెప్టెంబరు ఇరవై తొమ్మిది. ఆ రోజు టపా బండికి నేనే ఎదురు వెళ్తాను.