ప్రశ్నలకు మేకులు

జూన్ 2
ఫోన్‌లోని నోట్స్ యాప్ తీసేశాను. మన ఆలోచనలు దాంట్లో పెట్టుకోవడానికి నెలనెలా అద్దె కట్టాలట. పైగా దాని పేరు 'మీ రెండో మెదడు'. ఈ దేశంలో మొదటిదాన్నే వాడనివ్వడం లేదు, రెండోది దేనికి? ఇక కాగితమే.

జూన్ 3
పాత చీటీలన్నీ మంచం మీద. కరపత్రాల వెనుక, బస్ టికెట్ల వెనుక, పెళ్లి పత్రికల వెనుక రాసినవి. కులం, గని, నీళ్లు, దేవుడు... అన్నిటి మీదా కోపమే. సగం నా చేతిరాత నాకే అర్థం కాదు. పక్కవీధి స్టెల్లా అయితే చదివేసేది. రోజూ సాయంత్రం ట్యూషన్ పిల్లల్ని పంపించి వచ్చి, నేను రాసిందల్లా చదివి జగడం పెట్టుకునేది. "ఇదేమప్పా, రాసినావా, గీరినావా?"
ఉగాది అయ్యాక నరసాపురం వెళ్లిపోయింది, కొడుకు దగ్గరికి. అక్కడ మోటారు బండ్ల ఫ్యాక్టరీలో వాడి పని. కంపెనీ బస్సు వేళకు ఈమె వంట.
ఇక్కడ ఆమె కూర్చునే కుర్చీ ఉంది. అంతే.

జూన్ 6
కింద తమ్ముడి బట్టల కొట్టు. చొక్కా గుడ్డల మడతల్లో పెట్టే అట్టలు కొన్ని అడిగాను.
"ఏంటికన్నా?"
"ఆలోచనలు రాసుకోవడానికి."
"ఇంగ ఆలోచనలకీ అట్టలా! నా గుడ్డలు నిలబడేది ఎట్ల?" అన్నాడు శీను. అయినా ఒక కట్ట ఇచ్చాడు.
నియమం: అట్టకు ఒక్క మాట. దాని కింద, ఏ అట్టతో దానికి జగడమో ఆ గుర్తు. చుట్టరికం కాదు, జగడం. ఒప్పుకునే అట్టలను పక్కపక్కన పెడితే భజన మొదలుపెడతాయి. మన పార్టీలన్నీ అలాగే చెడ్డాయి.

జూన్ 9
రెండు చెప్పుల డబ్బాలు. ఒకటి అభిప్రాయాలకు, ఒకటి ప్రశ్నలకు. అభిప్రాయాల డబ్బాకు మూత పడటం లేదు.

జూన్ 10
ప్రశ్నల డబ్బా తిరగేశాను. 'నీతి పేదవాడికేనా?' — ఇది ప్రశ్న కాదు, తిట్టు. 'ఇంకెంతకాలం ఈ మోసం?' — నినాదం. రెండూ అభిప్రాయాల్లోకి. అలా ఏరుకుంటూ పోతే చివరికి మిగిలినవి కొన్నే. అవన్నీ స్టెల్లా అడిగినవి. రాత నాది, గొంతు ఆమెది.
'నువ్వు చెప్పేది నిజమే, అయితే రేపొద్దున వాడేమి తింటాడు?'
'కోపం పోతే నీకాడ ఇంగేముండాది?'
ఈ రెండోదాన్ని డబ్బాలో అన్నిటికంటే అడుగున పెట్టాను.

జూన్ 11
వాన. ఏమీ రాయలేదు.

జూన్ 14
డబ్బాలో పెట్టిన ప్రశ్న చచ్చిపోతోంది. మూత వేస్తే మరచిపోతున్నాను. కళ్లెదుట ఉండాలి. ఎలా?
చాంపియన్ రీఫ్స్ దాకా నడక. మూసేసిన బంగారు గని మీది ఇనుప చట్రం అలాగే నిలబడి ఉంది, తుప్పుతో, తాళంతో. స్టెల్లా తండ్రి అక్కడే టోకెన్ ఆఫీసులో పనిచేశాడు. గోడ మీద బోర్డు, బోర్డు నిండా మేకులు, మనిషికొక ఇత్తడి బిళ్ల. దిగేవాడు తన బిళ్ల తీసుకుని దిగాలి, పైకొచ్చి మళ్లీ తగిలించాలి. షిఫ్టు అయిపోయాక ఏ మేకైనా ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే.
"మా అప్ప ఆ మేకునే చూస్తా కూర్చునేవాడు. కాఫీ తెచ్చిపెడితే కూడా తాగడు" అనేది స్టెల్లా.
దొరికింది!

జూన్ 15
గోడకు చెక్క. చెక్కకు మేకులు. అట్టలకు చిల్లులు. ప్రశ్నలకే చోటు, అభిప్రాయాలు డబ్బాలోనే కుళ్లనీ. ఒక ప్రశ్న మీద పని మొదలుపెడితే దాన్ని జేబులో వేసుకుని బయలుదేరాలి. జవాబుతోనో, జవాబు లేదన్న నిజంతోనో తిరిగొచ్చి తగిలించాలి. అంతవరకూ ఆ మేకు ఖాళీ.
సుత్తి వేలి మీద పడింది. చప్పుడుకు శీను పైకొచ్చాడు. "గోడ ఏమి చేసిండాదన్నా నీకు?"

జూన్ 19
గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బల్ని, మిగిలిన బంగారం కోసం మళ్లీ తవ్వుతారని ఊరంతా మాట. వ్యాసం మొదలుపెట్టాను. దుమ్ము మనకు, బంగారం వాళ్లకు... రెండు పేజీలు పరుగు. హఠాత్తుగా ఆగిపోయాను. ఊరు విడిచి వెళ్లే ముందు రోజు స్టెల్లాతో జగడం దీని మీదే కదా.
"తవ్వనీలేప్పా. మావాడు ఈడ్నే పని చేసుకోనుంటాడు. నరసాపురం ఏల పోతాడు? నేనేల పోతాను?"
"దుమ్ము తిని బతుకుతారా?"
"ఆకలి తిని బతకొచ్చా? జవాబులన్నీ నీకాడ ముందే ఉండాయి. ఒక్కసారన్నా అడిగినావా నన్ను, ఏమి చేద్దాం స్టెల్లా అని?"
గొడుగు తీసుకుని మెట్లు దిగింది. నేను ఏమన్నానో గుర్తులేదు. ఏదో ఒకటి అనే ఉంటాను. ఊరుకునే రకం కాదు నేను.

జూన్ 20
ఒక అట్ట రాశాను. 'దిబ్బ తవ్వకుండా, ఈ ఊరి పిల్లలకు ఈ ఊళ్లోనే పని — ఎలా?'
నాకు తెలియదు. నిజంగానే తెలియదు. తెలియదని రాయడానికి చెయ్యి ఇంతగా మొరాయిస్తుందనుకోలేదు. మొదటి మేకుకు తగిలించాను.
పత్రిక నుంచి ఫోన్. "సార్, నిప్పులాంటి ముక్క ఒకటి పంపండి." నిప్పు లేదన్నాను. నమ్మలేదు.

జూన్ 23
ఫోన్‌లో వాదించడం నాకు చేతకాదు. ఎదురుగా స్టెల్లా కనుబొమ్మ పైకి లేవాలి, అప్పుడే నోరు లేస్తుంది.
అయినా చేశాను.
"ఏమప్పా, ఒళ్లు బాగుండాదా?"
"బాగుంది. ఊరికే చేశాను."
"ఊరికే చేసే మనిషివి కాదే నువ్వు."
అట్ట మీది ప్రశ్న చదివాను. అటు వైపు కుక్కర్ ఈల... ఇంకో ఈల.
"నువ్వేనా రాసింది?"
"నేనే."
"దీని కింద జవాబు యాడ?"
"లేదు స్టెల్లా. ఏమి చేద్దాం?"
మూడో ఈల. "ఉండు, పొయ్యి ఆపల్ల." పెట్టేసింది.

జూన్ 24
ఫోన్ రాలేదు.

జూన్ 26
రాలేదు. అనుకున్నదే. అనుకున్నానని రాయడం కూడా ఒక అబద్ధం.

జూన్ 29
పొద్దున్నే మాస్తి ఊళ్లో రైతుల సభకు. అరిచాను. చప్పట్లు కొట్టారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎంత ఒంటరితనం, ఆ చప్పట్లలో.
సాయంత్రం గదికి వస్తే, మొదటి మేకు మీద అట్ట లేదు. కింద పడిందేమోనని మంచం కింద వెతికాను. గాలికి ఎగిరిందేమోనని మేడ మీద వెతికాను. కొట్టు మూస్తున్న శీను, "చెప్పేది మరిచినాన్నా. స్టెల్లమ్మ వచ్చిపోయింది. నువ్వు లేవంటే పైన కొంచేపు కూర్చోనింది."
"ఏమైనా చెప్పిందా?"
"ఏమీ చెప్పలా. చేతిలో నా కొట్టు అట్ట ఒకటి ఉండె. ఏంటికమ్మా అంటే నవ్వింది."
"మళ్లీ ఎప్పుడొస్తానంది?"
"అది నువ్వే అడగల్లన్నా. అన్నీ నేనేనా అడిగేది?"
బోర్డు సంగతి నేను ఆమెకు చెప్పనే లేదు. బిళ్ల తీసుకున్నవాళ్లే దిగాలని టోకెన్ ఆఫీసు ఇంటి పిల్లకు చెప్పాలా?

జూన్ 30
కుర్చీని బోర్డు వైపు తిప్పుకున్నాను. శీను కాఫీ పంపించాడు. చల్లారిపోయింది. మేకు ఇంకా ఖాళీగానే ఉంది.