రిజిస్టర్లో లేని పేరు

సెప్టెంబరు 5, 1974

మద్రాసు ఏజెంటు నుంచి కవరు. వచ్చే ఏడాదికి కాలేజీ లైబ్రరీకి ఏ జర్నల్స్ కావాలో టిక్కు పెట్టి పంపాలట. అడుగున ఎప్పటి షరతే — సంస్థ సభ్యుల వాడకానికి మాత్రమే. దాని కింద ప్రిన్సిపాల్ గారి సంతకం, పక్కన లైబ్రేరియన్‌ది. అంటే నాది. మూడేళ్లుగా కళ్లు మూసుకుని పెడుతున్నాను.

గురువారం కదా... పది గంటల బస్సుకి విస్సన్నపేట నుంచి రహీం మాస్టారు వచ్చారు. కిటికీ పక్క కుర్చీ. మొక్కల జర్నల్. ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చిన సంచిక. ముందు వాసన చూస్తారు, తర్వాతే తెరుస్తారు. మాకు సైన్సు చెప్పిన రోజుల్లో కొత్త పాఠ్యపుస్తకాన్నీ అంతే. నవ్వొచ్చింది.

రెడ్డిగూడెం తోటలవాళ్లు మచ్చలు పడ్డ మామిడాకులు తెచ్చి చూపిస్తారట. అందుకే జర్నల్లోని తెగుళ్ల బొమ్మలన్నీ నోట్‌బుక్కులోకి ఎక్కించుకోవడం.

సెప్టెంబరు 6

జర్నల్ చదివినవాళ్లు రిజిస్టర్లో పేరు రాయాలి. మాస్టారు రిటైరయ్యారు, కాలేజీకి బయటివారు. "మీరు సంతకం పెట్టకండి మాస్టారూ, నాకు మాటొస్తుంది" అన్నాను మొదటిరోజే. సరేనమ్మా అన్నారు. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను.

సెప్టెంబరు 9

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "ఎవరూ చదవనివి మనకెందుకండీ? రిజిస్టర్లో పేరు లేనివి కొట్టేయండి."

మొక్కల జర్నల్ పేజీ... ఏడాది పొడుగునా ఖాళీ. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సెప్టెంబరు 10

అన్నం సయించలేదు.

సెప్టెంబరు 11

బోటనీ లెక్చరర్ గారికి చెప్పుకున్నాను. నవ్వేశారు. "దీనికింత దిగులేంటి సుగుణగారూ? రిజిస్టరిటు తెండి, ఏడాదికి సరిపడా సంతకాలు గీకేస్తా."

"మీరెప్పుడైనా తెరిచారా సార్?"

"తెరవడం ఎందుకండీ, నోట్సు ఉందిగా."

మంచాయనే. ఇచ్చేదాన్నే. చెయ్యి చాచాను కూడా —

ఎనిమిదో క్లాసు. మిషన్ స్కూలు వరండా. నలభై మందికి ఒకటే భూతద్దం. బల్ల మీద మామిడాకు. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేస్తారని పక్కన కూర్చున్న మార్తమ్మ పుస్తకంలో చూసి గీసేశాను. బొమ్మ బాగా కుదిరింది. మాస్టారు తిట్టలేదు. "ఆకు వెనక ఏముంది?" అన్నారంతే. బడి వదిలాక కూర్చోబెట్టి భూతద్దం చేతికిచ్చారు. ఆయన అరచేతి వెచ్చదనం ఇంకా దాని పిడికి ఉంది. "ఇప్పుడు చూసి గియ్యి. ఇవాళ్టి తేదీ వెయ్యి." ఆకు ఈనెల్లో అన్ని దారులుంటాయని ఆ సాయంత్రమే తెలిసింది. వెనకవైపు సన్నటి పురుగులు, ఉప్పురవ్వంత. ఆ వరండా ఎండ మళ్లీ ఎక్కడా తగల్లేదు నాకు.

రిజిస్టరు చంకన పెట్టుకుని లేచి వచ్చేశాను. లెక్చరర్ గారు ఏమనుకున్నారో.

సెప్టెంబరు 12

మాస్టారికి చెప్పేశాను. జర్నల్ నెమ్మదిగా మూశారు.

"అయితే నేనిన్నాళ్లూ చదవనట్టేనా అమ్మాయ్?"

మీరొచ్చిన గురువారాలన్నీ నాకు గుర్తే, ఆ తేదీలేసి రాయండి అన్నాను.

"పాత తేదీలొద్దు. ఇవాళ వచ్చా, ఇవాళ్టిదే రాస్తా... మరి నీకు మాటొస్తుందేమో."

"రానివ్వండి మాస్టారూ."

రాశారు. నా ప్రోగ్రెసు రిపోర్టు మీద ఉన్న సంతకమే.

సెప్టెంబరు 13

ఒకటే పేరు. ఒకటే తేదీ.

సెప్టెంబరు 16

మొక్కల జర్నల్‌కి టిక్కు పెట్టిన ఫారం, రిజిస్టరు రెండూ ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను. వేలు ఆ పేరు దగ్గర ఆగింది.

"ఈయన స్టాఫా?"

"కాదండి."

"స్టూడెంటా?"

"కాదండి. నేను ఆయన స్టూడెంటుని."

ఫారం తీసి అడుగున షరతు చూశారు. "షరతు కింద మీరు సంతకం పెట్టారు కదండీ" అన్నారు. పెట్టాను, మూడేళ్లు పెట్టాను అన్నాను. ఫారం మీద పేపర్‌వెయిట్ పెట్టి పక్కకి జరిపారు. "గురువారం ఆయనొస్తే ముందు నా దగ్గరకి పంపండి."

సెప్టెంబరు 18

ఈ ఉద్యోగానికి దరఖాస్తు ఫారం బెజవాడ నుంచి తెచ్చిచ్చింది మాస్టారే. అమ్మ పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. అరుగు మీద కూర్చుని నాతో నింపించారు. "పుస్తకాల దగ్గరుండే పని దీనికి నప్పుతుందమ్మా" అని అమ్మతో. అమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చింది. ఎంత చిన్నదో ఆ గ్లాసు... నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం రెండోసారి అడిగి తాగారు.

సెప్టెంబరు 19

సన్నగా వాన. పది గంటల బస్సు వచ్చింది. గొడుగు మూస్తూ మాస్టారు. టీ చెప్పబోతే "రంజాను కదమ్మా, ఉపవాసం" అన్నారు. ప్రిన్సిపాల్ గారు పిలుస్తున్నారని చెప్పాను. నోట్‌బుక్కు నా చేతికిచ్చి వెళ్లారు. తలుపు మూసుకుంది.

మాటలు వినపడటం లేదు. నా ఉద్యోగం మాటే అయితే అవనీ. ఆయన్ని ఒక్క మాట అంటే మాత్రం ఊరుకోను.

పది ముప్పావు. ఇంకా రాలేదు.

కిటికీ పక్క కుర్చీ మీద జల్లు పడుతోంటే లోపలికి జరిపాను. జర్నల్ బల్ల మీద పెట్టాను. రిజిస్టర్లో ఆయన రాసిన వరుస కింద ఇవాళ్టి తేదీ వేశాను. పేరు గడి వదిలేసి, పెన్ను మూత తీసి పెట్టాను.