మల్లాపూర్ రోడ్డు మీద నా తెల్ల లైట్లు

జగిత్యాల జిల్లా రవాణా అధికారి గారి సముఖమునకు,
మల్లాపూర్ మండల వాస్తవ్యుడు, కారు యజమాని జలపతి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కారు ముందు లైట్లకు ఏ బల్బు వేయాలో దుకాణాల్లో తెలుగులో రాయించుట గురించియు, నా మీద తగు చర్య తీసుకొనుట గురించియు.

పై విషయమై మనవి చేయునది ఏమనగా, ఈ అర్జీ నాలుగుసార్లు రాసి చింపినాను. ఇది ఐదవది. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి. కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు.

1. నిరుడు దసరాకు పాత కారు ఒకటి కొని వేములవాడ రాజన్న గుడిలో పూజ చేయించినాను. అయ్యగారు ఆనవాయితీ ప్రకారం బానెట్ మీద, రెండు లైట్ల అద్దాల మీద పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టినారు. కడిగితే పోయేవే. కానీ నా భార్య వనిత "రాజన్న బొట్టు, వానకు పోవద్దు" అన్నది. తలుపులకు వేయగా మిగిలిన వార్నిష్ తెచ్చి ఆ బొట్ల మీద నేనే రెండు పూతలు వేసినాను. భక్తి ఆమెది, తెలివి నాది.

2. ఎండలకు ఆ వార్నిష్ ముదిరి, వానాకాలం నాటికి వెలుతురు మసకబారినది. అద్దం తుడవాలని నాకు తట్టలేదు. బల్బుకే బలం లేదనుకున్నాను. కోరుట్లలో మెకానిక్ నరేందర్ "అరవై వాట్లతోని ఏం కానస్తదన్నా, వందది కొట్టు" అని పెద్ద బల్బులు బిగించినాడు. నెల తిరగకముందే హోల్డర్ కరిగి కారంతా కాలిన వాసన వచ్చినది.

3. అప్పుడు జగిత్యాలలో ఒక దుకాణానికి పోయినాను. అతను తెల్లటి ఎల్ఈడీ బల్బులు చూపి "ఆర్టీవో అప్రూవుడే సార్" అన్నాడు. ఎక్కడ రాసి ఉందని అడిగితే డబ్బా మీది ఇంగ్లీషు చూపించినాడు. నేను తల ఊపి, కరిగిన హోల్డర్లు మార్పించి అవే బిగించుకున్నాను. అందులో ఏమున్నదో అతనికి కూడా తెలియదని ఇప్పుడు అనుకుంటున్నాను.

4. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా బావమరిది రవీందర్ ఒకనాడు ఎదురు బండి మీద వచ్చి, కండ్లు నలుపుకుంటూ "ఏంది బావా గీ లైట్లు? ముంగట రోడ్డున్నదో లేదో సుత కానస్తలేదు" అన్నాడు. నేను సంతోషించినాను. అది నా గొప్ప అనుకున్నాను. ఈ ముక్క తమరు ప్రత్యేకంగా గమనించ ప్రార్థన.

5. గత నెల పదకొండవ తేదీన తెల్లవారుజామున కోరుట్ల కూరగాయల మార్కెట్‌కు పోతున్నాను. మా ఊరి గీత కార్మికుడు లస్మయ్య, చెట్టెక్కే మోకు వెనక కట్టుకొని, మోపెడ్ మీద ఈతవనానికి పోతూ ఎదురైనాడు. నా వెలుతురు తగలగానే ఒక చేయి తీసి కండ్లకు అడ్డం పెట్టుకున్నాడు. మరుక్షణం మోరీ పక్క గుంతలో ఉన్నాడు. కుడికాలు రెండు చోట్ల విరిగినది. నేనే ఎత్తి నా కారులోనే జగిత్యాల దవాఖానకు తీసుకుపోయినాను. కండ్లు బైర్లు కమ్మి ఏది అడ్డమొచ్చిందో తెలియని ఆయన అక్కడ కానిస్టేబుల్‌తో "పంది అడ్డమచ్చినట్టున్నది సార్. మా అల్లుడు అచ్చిండు గాబట్టి బతికిన" అని చెప్పినాడు. ఊరి వరుసకు నేనాయనకు అల్లుణ్ణి. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. పంది కాదని చెప్పలేదు.

6. అప్పటినుండి వారానికి రెండుసార్లు కట్టు మార్పించడానికి నా కారులోనే తీసుకుపోతున్నాను. ఆయన భార్య లక్ష్మవ్వ నా కోసం సీతాఫలాలు మాగబెట్టి ఉంచుతున్నది. "నీ పుణ్యాన మా ఇంట్ల దీపమున్నది అల్లుడా" అంటున్నది. ఇక చెట్టెక్కే మాట మరిచిపొమ్మని డాక్టరు చెప్పినాడు. అయ్యా, ఆ పండ్లు నా కారు వెనక సీటులోనే కుళ్లిపోతున్నాయి.

7. ఆ లైట్లు పీకేసి తమ కార్యాలయానికి వస్తే, తనిఖీ చేసే సారు రెండు నిమిషాల్లో చెప్పినారు. లైటు మీద ఏ రకం రాసి ఉంటే ఆ రకం బల్బే వేయాలి, నా కారుకైతే అరవై/యాభై ఐదు వాట్లదే. హాలోజన్ కోసం చేసిన లైటులో ఎల్ఈడీ పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాని కండ్లలో కొడుతుంది. బల్బు మార్చినాక గోడ ముందు బండి ఆపి వెలుతురు ఎంత ఎత్తున పడుతుందో సరిచూసుకోవాలి. అంతా చెప్పి, అద్దాన్ని గోరుతో గీకి "ఇదేంది?" అన్నారు. థిన్నర్‌తో తుడిచి, మూలన పడేసిన మొదటి బల్బులే మళ్లీ పెట్టినాను. రోడ్డు తేటగా కనబడినది. ఆ బల్బుల్లో ఏ లోపమూ లేదు.

కావున, ఆ సారు చెప్పిన మూడు ముక్కలు తెలుగులో రాయించి జగిత్యాల, కోరుట్ల దుకాణాల్లో అంటించేటట్లు (సిరిసిల్ల తమ పరిధి కాకపోయినా ఆ అధికారికి ఒక మాట), బండిపూజకు పోయేవారికి బొట్టు బానెట్ మీద చాలు, అద్దం మీద వద్దని చెప్పించేటట్లు, పోలీసు కాగితంలో పంది పేరు కొట్టివేసి నా పేరు రాసేటట్లు ఉత్తర్వు ఇప్పించగలరు.

ఇందులో ఒక్క అక్షరం కూడా దాచలేదని తమరు దయతో చిత్తగించవలెను.

ఇన్నాళ్లు నోరు విప్పని
తమ విధేయుడు
జలపతి

తా.క.: ఈ అర్జీని తమకు ఇచ్చేముందు లస్మయ్య మామకు చదివి వినిపించినాను. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నాడు. లక్ష్మవ్వత్త "రేపు కట్టుకు మేం ఆటోల పోతం తియ్యి, జలపతీ" అన్నది. ఆమె నన్ను ఎన్నడూ పేరుతో పిలవలేదు. ఈ పొద్దున ఆటో వచ్చి ఇద్దరినీ ఎక్కించుకొని పోయినది. అయ్యా, ఆ ఆటో ముందు భాగాన కూడా నేను పీకేసినటువంటి తెల్ల లైట్లే ఉన్నాయి. ఆ ఆటోవానికి చెప్పడానికి నాకు ముఖం లేదు. తమరే చెప్పాలె.