ముట్టుకోవద్దన్న పెట్టె

మార్చి 3
ల్యాబ్‌లో ఆడ ఎలుకలు పన్నెండూ ఈనాయి. తల్లికో పెట్టె. రీసెర్చ్ మేడమ్ నాకంటే పదేళ్ళు చిన్నది. అయినా చిన్నపిల్లకి చెప్పినట్టు నాకు రెండుసార్లు చెప్పింది. మొదటి ఆరు పెట్టెల్లో పిల్లల్ని రోజూ మూడు గంటలు తల్లి నుంచి విడదీయాలట. మిగతా ఆరింటినీ రెండు వారాల దాకా ముట్టుకోకూడదట, కింద పరిచిన పొట్టు కూడా మార్చకూడదట. పెద్దయ్యాక ఏవెంత భయపడతాయో చూస్తుందట. సరేనన్నాను. నా పని ఊడ్చడం, కడగడం, సరేననడం.

మార్చి 6
ఏడో పెట్టెలో నీళ్ళ సీసా కారింది. పొట్టంతా తడి. వేలి కణుపంత పిల్లలు ఎర్రగా వణుకుతున్నాయి. ప్రాణం ఒప్పలేదు. అరచేతిలోకి తీసుకుని, పొట్టు మార్చి, మళ్ళీ పెట్టేశాను. ఐదు నిమిషాలు. తల్లి ఒక్కోదాన్నీ దగ్గరికి లాక్కుని ఒళ్ళంతా నాకింది. చూస్తూ నిలబడిపోయాను.

మార్చి 7
ఈరోజూ తీశాను. పొట్టు పొడిగానే ఉంది.

మార్చి 16
రోజూ తీస్తున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఇవాళ కళ్ళు తెరిచాయి.

మే 28
పరీక్షలు. ఒక్కో ఎలుకనీ ఇరుకు గొట్టంలో అరగంట ఉంచి, తోక నుంచి చుక్క రక్తం తీసి స్ట్రెస్ హార్మోన్ చూస్తారు. ఏడో పెట్టెవి ఇట్టే కుదుటపడ్డాయి. మేడమ్ తల పట్టుకుంది. రోజూ కాసేపు తీసి వెనక్కి పెట్టిన పిల్లలే అలా ఉంటాయట, తల్లి వాటిని ఇంకా ఎక్కువగా నాకుతుందట. వీటినెవరూ ముట్టుకోలేదు కదక్కా అని అడిగింది. తల ఊపాను. అడ్డంగానో నిలువుగానో నాకే తెలియదు.

మే 29, మధ్యాహ్నం 2
మేడమ్ ప్రొఫెసర్ చేత చీవాట్లు తింది. కారణం తేలకపోతే ఏడాది పనీ మళ్ళీ మొదటినుంచి చెయ్యాలట. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల ఏడాది పోతుంది.

ఎలుకలకి మంచే జరిగింది కదా. మరి నేను చేసింది తప్పెలా అయింది?

మే 29, సాయంత్రం
నా పసితనంలో నన్ను పెద్దమ్మ దగ్గర ఎందుకు వదిలేశావని అమ్మని అడిగాను. నలభై మూడేళ్ళొచ్చాక ఇప్పుడా అడగడం అంది. తనకి క్షయ వచ్చిందట. మూడు నెలలు నన్ను ముట్టుకోనివ్వలేదట, కిటికీలోంచి చూపించేవాళ్ళట. నన్ను ఇంటికి తెచ్చుకున్నాక వారం రోజులు నేను తన చంక దిగలేదట. వదిలేసిందని మాత్రమే నాకు తెలుసు. వారం రోజులు ఎత్తుకుని తిరిగిందని ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ తలుపు దభీమంటే నా చేతులు చల్లబడతాయి. నేను ఏ పెట్టె పిల్లనో.

మే 31
పెట్టెల రిజిస్టర్‌లో రాసేశాను. ఏడో పెట్టె, మార్చి 6 నుంచి 16 వరకు, రోజూ ఐదు నిమిషాలు, తీసింది నేను. మేడమ్ చదివి కుర్చీలో కూలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. పొట్టు పొడిగా ఉన్న రోజుల్లో కూడా ఎందుకు తీశావక్కా అంది.

జూన్ 4
ఏడో పెట్టెని లెక్కలోంచి తీసేశారు. మిగతా పదకొండూ పనికొస్తాయట. మేడమ్‌కి ఏడాది దక్కింది. నా ఉద్యోగం తీసెయ్యలేదు గానీ, ఎలుక పిల్లల గది నుంచి మేత గదికి మార్చారు.

జూన్ 5
అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాను. ఐదు నిమిషాలకి వాచీ చూసుకున్నాను. నన్ను తిరిగి పెట్టెలో పెట్టడానికి ఎవరూ రాలేదు.