మేకపిల్లకు సాక్సు టోపీ

మార్చి 3, ఆదివారం

గార్లండ్ భోజనం కాగానే బయల్దేరాడు. ఓక్లహోమాలో పైప్‌లైన్ పని. రేపు తెల్లారేసరికి సైట్లో ఉండాలి. మళ్ళీ శుక్రవారం సాయంత్రమే ఇల్లు చూడటం. వెళ్తూ వెళ్తూ మా మేక బటన్ పొట్ట మీద చెయ్యి వేసి, మన మాట గుర్తుంది కదా లూ, అన్నాడు.

గుర్తులేకేం. ఈ నెలలో బటన్ ఈనితే ఇక్కడే ఉంటాం. ఈనకపోతే మేకల్నీ కోళ్ళనీ ఎవరికైనా ఇచ్చేసి తుల్సా వెళ్ళిపోతాం. అక్కడ గార్లండ్ తమ్ముడు డ్వైట్‌కి వెల్డింగ్ షాపు ఉంది. షాపు వెనకే ఖాళీగా చిన్న ఇల్లుంది. మోటెల్ మంచాల మీద పడుకుని పడుకుని గార్లండ్‌కి నడుం పోయింది. వారానికి రెండు రోజుల కాపురం ఏం కాపురం అంటాడు. అతను అడిగేదాంట్లో తప్పేమీ లేదు. నాకు ఒళ్ళుమంటంతా అదే. తప్పుంటే హాయిగా పోట్లాడేదాన్ని.

మేం ఈ కొండ మీదికొచ్చి మూడేళ్ళు. మొదటి ఏడాది బటన్‌కి పుట్టిన రెండు పిల్లలూ వారం తిరక్కుండానే పోయాయి. పోయినేడు చూలే నిలవలేదు. దాణా పొయ్యడమే తప్ప ఏం మిగిలిందే అంటాడు గార్లండ్. గుడ్లు అతని కంటికి ఆనవు.

మార్చి 5, మంగళవారం

పొద్దుట్నుంచీ కాలు నిలవడం లేదు. కాఫీ పెట్టుకుని తాగడం మర్చిపోయాను. షెడ్డుకీ ఇంటికీ తిరగడంతోనే సరిపోయింది. బటన్ నన్ను చూసి విసుక్కుంటోంది. దానికి తోడుగా ఉంచిన, విత్తులు కొట్టిన ముసలి పోతు ఓటిస్ కూడా తల తిప్పుకుంటున్నాడు.

బటన్ లమాంచా జాతి. వాటికి చెవులుండవు. చెవులుండాల్సిన చోట చొక్కా గుండీలంత చర్మం, అంతే. అందుకే ఆ పేరు పెట్టాను. అక్టోబరులో ఎదకొస్తే గార్లండే ట్రక్కులో ఎక్కించుకుని ఇమోజీన్ గారి పోతు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ పక్క కొండ మీద ఉంటుంది. ఆవిడ వయసులో సగానికి పైగా మేకలతోనే గడిచింది. ఆవిడ పోతు పేరు డీకన్. వాడికీ చెవుల్లేవు. వీడి చెవులెవడు కోసుకెళ్ళాడండీ, ఈ ఇద్దరికీ పుట్టేదాన్ని పేరు పెట్టి పిలిస్తే వినపడుతుందా అసలు, అని గార్లండ్ పడీ పడీ నవ్వాడు. ఇమోజీన్ గారు ఊరుకుంటుందా. నీకు రెండున్నాయిగా నాయనా, ఏం వింటున్నావు, నీ పెళ్ళాం ఏడాదిగా కంచె బాగుచెయ్యమని మొత్తుకుంటోంది, అంది.

ఆ కంచె ఇవాళ్టికీ అలాగే ఉంది.

మార్చి 6, బుధవారం

వాండా ఇంకా గోల్ఫ్ బంతుల మీద నుంచి లేవలేదు.

మార్చి 9, శనివారం

వాండా అంటే నా పెద్ద లేతపసుపు కోడిపెట్ట. కోళ్ళు పొదల్లో పెట్టకుండా గూట్లోనే గుడ్లు పెడతాయని గూళ్ళలో గోల్ఫ్ బంతులు వేస్తాం. వాండా వాటిని గుడ్లనుకుని ఫిబ్రవరి నుంచీ పొదుగుతోంది. చెయ్యి పెడితే పొడుస్తుంది. తిండి మానేసి సగమైంది. చూడలేక ఇవాళ దాణా కొట్టు నుంచి రోజు వయసు కోడిపిల్లల్ని ఆరింటిని తెచ్చాను. పొద్దు వాలాక గార్లండ్ టార్చి పట్టుకుంటే, నేను ఒక్కో బంతీ తీసి ఒక్కో పిల్లని దాని రెక్క కిందికి తోశాను.

సిగ్గులేదే నీకు, తల్లిని పట్టుకుని ఇంత మోసమా, అని గార్లండ్ నవ్వాడు. మోసం కాదు, దానికి కావలసింది దానికిస్తున్నాను అన్నాను. ష్, నవ్వకు, బెదురుతుంది అన్నాను. చీకట్లో వాండా కుక్ కుక్ అంటూ రెక్కలు విప్పి సర్దుకుంది. మేమిద్దరం ఆ గూటి ముందు చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఈ మధ్య అంత ప్రశాంతంగా కూర్చున్నది లేదు.

మార్చి 10, ఆదివారం

వాండా పిల్లల్ని వెంటేసుకుని యార్డులో మహారాణిలా తిరుగుతోంది. ఆ గోల్ఫ్ బంతుల వంకైనా చూడటం లేదు. మనుషులకి కూడా ఇంత సులువైతే ఎంత బావుండు.

మార్చి 15, శుక్రవారం

లెక్క ప్రకారం ఈపాటికి ఈనాలి. పొట్ట బాగా ఉంది. పొదుగు దిగింది. తోక మొదట్లో నరాలు వదులయ్యాయి. మరి ఈ మేకకి ఏం రోగం.

గార్లండ్ వచ్చాడు. ట్రక్కు వెనకాల ఖాళీ అట్టపెట్టెలు. ఎవరో పారేస్తుంటే తెచ్చాడట, ఉంటే పనికొస్తాయి కదా అన్నాడు. దేనికి పనికొస్తాయో నేనడగలేదు. అతనూ చెప్పలేదు. రాత్రి బీన్సులో ఉప్పెక్కువైంది. ఇద్దరం అలాగే తినేశాం.

మార్చి 17, ఆదివారం

అట్టపెట్టెలు ట్రక్కులోంచి వరండాలోకి వచ్చాయి. వచ్చే ఆదివారానికి డ్వైట్‌కి ఏదో ఒకటి చెప్పాలి లూ, వాడు మాత్రం ఎన్నాళ్ళు ఆగుతాడు, అని వెళ్ళిపోయాడు గార్లండ్. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

వరండాలోకి వెళ్ళి ఒక పెట్టెను కాలితో తన్నాను. వేలు వాచింది.

మార్చి 19, మంగళవారం, ఉదయం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

షెడ్డులోకి వెళ్ళేసరికి బటన్ పడుకుని మూలుగుతోంది. తోక కింద నీటి తిత్తి. పరుగెత్తి టవళ్ళు, అయోడిన్, వేడినీళ్ళు తెచ్చాను. నా తల్లే, నా బంగారమే అని ఏవేవో వాగుతూ గడ్డిలో మోకాళ్ళేశాను. తిత్తి పగిలింది. బకెట్ కుమ్మరించినట్టు నీళ్ళు. గడ్డంతా తడిసింది, నా ప్యాంటు తడిసింది. పిల్ల జారుతుందని రెండు చేతులూ పట్టాను. మళ్ళీ నీళ్ళే. చూస్తుండగానే పొట్ట గాలి తీసిన ట్యూబులా అణిగిపోయింది. చేతికి సబ్బు రాసుకుని లోపల వెతికాను. ఏమీ లేదు. కాలు లేదు, తల లేదు, చచ్చిన పిల్ల కూడా లేదు.

ఐదు నెలలుగా అది మోసింది నీళ్ళు.

బటన్ లేచింది. వెనక్కి తిరిగి ఆ తడిగడ్డిని వాసన చూసింది. నాకడం మొదలుపెట్టింది. పిల్లని పిలిచే పిలుపు ఒకటుంటుంది వాటికి, గొంతు లోపల్నుంచి సన్నగా. ఆ పిలుపుతో గడ్డిని పిలుస్తోంది. నేను చూడలేకపోయాను. బయటికొచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చుని ఏడ్చాను.

అదే రోజు, సాయంత్రం

ఇమోజీన్ గారికి ఫోన్ చేసింది సాయం కోసం కాదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కనక. ఆవిడ అంతా విని, దాన్ని మేఘం పగలడం అంటాం పిల్లా, అంది. చూలు నిలవకపోయినా నిలిచిందని మేక ఒళ్ళు నమ్మేస్తుందట, నెలలన్నీ మోస్తుందట. నీ తప్పూ లేదు, దాని తప్పూ లేదు, అంది. నేను వెక్కుతూనే ఉన్నాను. ఏడుపు తర్వాత, ముందిది చెప్పు, ఆ తడిగడ్డి తీసి పారేశావా, అంది. లేదన్నాను. ముట్టుకోకు, దాన్ని నాకనీ, నేను వస్తున్నా, అని ఠక్కున పెట్టేసింది.

కాసేపటికి ఆవిడ ట్రక్కు వచ్చింది. ముందు సీట్లో బట్టల బుట్ట, బుట్టలో టవలు, టవల్లో మేకపిల్ల. ఆవిడ దగ్గర న్యూబియన్ జాతి మేక నిన్న సాయంత్రం మూడు పిల్లల్ని ఈనిందట. జున్నుపాలు తాగనిచ్చి, పొద్దుట్నుంచి మూడోదాన్ని కాలితో తన్నేస్తోందట. ఇద్దరం ఆ తడిగడ్డి పిడికిళ్ళతో తీసుకుని, బటన్ వాసన పట్టేలా పిల్ల ఒళ్ళంతా రుద్దాం. తల, వీపు, తోక కింద, ఎక్కడా వదల్లేదు. ఇమోజీన్ గారు దాని కాళ్ళు మడిచి, అప్పుడే పుట్టినదానిలా బటన్ వెనకాల పడుకోబెట్టింది. నేను గుడ్లప్పగించి చూస్తుంటే మోచెయ్యి పట్టి బయటికి లాగింది. పరాయివాళ్ళు అలా చూస్తుంటే ఏ తల్లికైనా చిరాకే, పద, అంది.

తలుపు చాటున నిలబడ్డాం. ముందు ఏ చప్పుడూ లేదు. తర్వాత నాలుక చప్పుడు. తర్వాత ఆ పిలుపు. ఈసారి దానికి జవాబు కూడా వచ్చింది. తొంగి చూస్తే పిల్ల పొదుగు కింద దూరి తోక ఊపుతోంది. బటన్ పాలు చేపింది.

ఇమోజీన్ గారు వెళ్తూ, గార్లండ్ నన్నడిగితే అబద్ధం చెప్పను, అడక్కపోతే నోరు తెరవను, అంది. నేను ఇంకా ఏమీ అనకముందే అంది. నా మొహంలో ఏం కనిపించిందో.

మార్చి 20, బుధవారం

గార్లండ్ ఫోన్ చేశాడు. బటన్ సంగతేంటి అన్నాడు. ఆడపిల్ల, శుభ్రంగా పాలు తాగుతోంది అన్నాను. అబ్బో, మొత్తానికి, అన్నాడు. సంతోషించినట్టే ఉంది.

నేనన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. పొద్దుట్నుంచీ నాకు నేను ఇదే చెప్పుకుంటున్నాను. కానీ అబద్ధమే ఆడాను.

మార్చి 21, గురువారం

చెవులు!

మార్చి 22, శుక్రవారం, మధ్యాహ్నం

రెండు రోజులు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముద్దులాడాను, ఆ చెవులు పట్టుకుని ఆడాను కూడా. బుర్రకి తట్టలేదు. న్యూబియన్ పిల్ల. చెవులు దవడ దాటి వేలాడుతున్నాయి, ఆరేసిన సాక్సుల్లా. తల్లికి చెవుల్లేవు, తండ్రికి చెవుల్లేవు. ఆ సంగతి మా ఆయన కళ్ళారా చూశాడు, జోకులు కూడా వేశాడు.

గార్లండ్ పాత బూడిదరంగు సాక్సు ఒకటి తీసుకున్నాను. వేళ్ళ వైపు కత్తిరించి పిల్ల తలకి తొడిగాను. చెవులు లోపలికి మడిచాను. చలికాలంలో పిల్లలకి ఇలాంటివి అందరూ తొడుగుతారు. ఎవరూ అనుమానించరు. బయట వసంతం వచ్చేసి రెడ్‌బడ్ చెట్లు పూశాయి. నాకు చెమటలు పడుతున్నాయి.

అదే రోజు, రాత్రి

బూట్లు కూడా విప్పకుండా తిన్నగా షెడ్డుకి వచ్చాడు. పిల్లని ఎత్తుకుని గుండెకి ఆనించుకున్నాడు. అతని మొహం అలా వెలగడం చూసి ఎన్నాళ్ళయిందో. ఈ టోపీ ఏంటి అన్నాడు.

చలిగా ఉంది కదా, చెవులు గడ్డకడతాయని, అన్నాను.

ఏ చెవులు లూ, అన్నాడు.

బటన్ మెడ చాచి, పిల్లని నాకుతూ నాకుతూ సాక్సు అంచు పళ్ళతో పట్టి లాగేసింది. రెండు చెవులూ దబ్బున కిందికి జారాయి. పిల్ల తల విదిలిస్తే అవి గార్లండ్ గడ్డానికి తగిలాయి.

అతను వాటిని అలాగే చూశాడు. పిల్లని దించాడు. సాక్సు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది చూడు, అన్నాడు.

ఏమీ మాడటం లేదు. తిన్నాడు, పడుకున్నాడు. ఒక్క మాట అడగలేదు. తిట్టినా బావుండేది.

మార్చి 23, శనివారం

పొద్దున్న లేచేసరికి కంచె దగ్గర సుత్తి చప్పుడు. పాత స్తంభాలు పీకి కొత్తవి పాతుతున్నాడు. కాఫీ ఇస్తే తాగాడు. వైరు పట్టుకో అంటే పట్టుకున్నాను.

ఇల్లు అమ్మేవాళ్ళు కూడా ముందు కంచె బాగుచేస్తారు. సాయంత్రం దాకా నా బుర్రలో ఇదే. గిన్నెలు రెండుసార్లు తోమాను.

మార్చి 24, ఆదివారం

అతను బ్యాగు సర్దుకునే వేళయింది. ఇక ఉండబట్టలేక షెడ్డులోకి పిలిచి అంతా చెప్పాను. నీళ్ళు, తడిగడ్డి, బట్టల బుట్ట, అన్నీ. నువ్వడిగితే ఇమోజీన్ గారు అబద్ధం చెప్పదట, తప్పంతా నాదే, అన్నాను.

కోడిని మోసం చేశావు, మేకని మోసం చేశావు, వరసలో మూడోవాణ్ణి నేనా, అన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అతను మాత్రం నవ్వలేదు. మూడేళ్ళలో ఒక్కసారైనా ఇక్కడే ఉందాం గార్లండ్, నాకు వెళ్ళాలని లేదు, అని నోరు తెరిచి అన్నావా, అన్నాడు. ఎప్పుడడిగినా మేక ఈననీ, మేక ఈననీ. నేను పెళ్ళి చేసుకుంది మేకని కాదు కదే, అన్నాడు. నన్ను నమ్మించడానికి ఆ సాక్సు కత్తిరించావు చూడు, అదీ నాకు కష్టంగా ఉంది, అన్నాడు.

నిజమే. నేను అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని భయం. మేక చేత అడిగిద్దామనుకున్నాను.

అప్పుడు అన్నాను. ఇక్కడే ఉందాం, నాకు వెళ్ళాలని లేదు, కానీ నువ్వు లేకుండా ఇక్కడ వారమంతా ఉండాలనీ లేదు, అని. అతను బటన్ వీపు నిమిరాడు. తర్వాత ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. డ్వైట్‌తో ఏం మాట్లాడాడో వినపడలేదు. ట్రక్కు తలుపు తీసిన చప్పుడు వినపడింది. బయటికి వెళ్ళి చూసే ధైర్యం లేక పిల్ల పక్కన గడ్డిలోనే కూర్చుండిపోయాను.

మార్చి 25, సోమవారం

ట్రక్కు వాకిట్లోనే ఉంది. నిన్న తలుపు తీసింది మేకుల డబ్బా కోసమట. డ్వైట్‌కి రామని చెప్పేశాడట, బుధవారం కొండ కింద రంపపు మిల్లుకి వెళ్ళి పని అడుగుతానన్నాడు. అట్టపెట్టెల్లో గడ్డి పరిచి వాండా పిల్లల్ని పెట్టాడు.

మేకపిల్లకి తుల్సా అని పేరు పెట్టాడు. పిలిస్తే వినపడుతోంది.