ఉల్లిపాయ వంతు

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ‘అందరం’ దగ్గర కలం ఆపాను. మీ అమ్మా నేనూ క్షేమమే. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కేటప్పుడు నన్నూ, ఈ ఇల్లు కట్టినవాణ్ణీ కలిపి తిడుతుంది, దిగేటప్పుడు ఒక్క నన్నే. కాబట్టి కొంత నయమే అనుకో. కొత్తగా ప్రోగ్రాములు నేర్చుకునేవాళ్ళకి పాఠాలు చెప్పీ చెప్పీ నీ గొంతు పోతోందని రాశావు. గోరువెచ్చని నీళ్ళు తాగు. నాలాంటి మొద్దులు అక్కడ ఎంతమందున్నారో పాపం.

ఫోనులో చెప్పకుండా ఇంత ఉత్తరం ఎందుకంటావేమో. నేను ఫోను తీస్తే రెండో చెవి మీ అమ్మది. ఇందులో ఉన్న సంగతి ఆవిడకింకా తెలియదు.

పాటల పిన్ని గురించి అడిగావు. నన్ను అన్నా అనే మనిషి నీకు అత్త కావాలి, నువ్వేమో చిన్నప్పుడే పిన్నిని చేసేశావు. ఆవిడ ఇప్పుడు మా ఆసుపత్రి లాండ్రీలో లేదు. ఆసుపత్రివాళ్ళు సగం బట్టలు బయట ఉతికించుకుంటారట. మా పన్నెండుమందిలో ముగ్గురు అక్కర్లేదన్నారు. ఆ ముగ్గురిలో మీ పిన్ని ఒకతి. ఇరవై రెండేళ్ళు ఆవిరి రోలరు దగ్గర నిలబడి, ఆ హోరు మీదుగా పాడిన మనిషి. చిన్నప్పుడు నిన్ను అక్కడికి తీసుకెళ్తే, అప్పుడే ఇస్త్రీ అయిన దుప్పట్ల దొంతర మీద కూర్చోబెట్టేది, గుర్తుందా? వెచ్చగా ఉంటుందని నువ్వు దిగేదానివి కాదు. ఇప్పుడు లాండ్రీలో రోలరు హోరొక్కటే వినిపిస్తోంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కావడం లేదు.

ఆ ముగ్గురు ఎవరన్నది మేనేజరు తేల్చలేదు. నన్ను గదిలోకి పిలిచి, “మేస్త్రీ, నీ మనుషులు నీకే బాగా తెలుసు. ఎవర్ని తీసేసినా నాకు ఒకటే. నెలాఖరు శుక్రవారంలోగా మూడు పేర్లు ఇవ్వు. నీ పేరైనా సరే,” అన్నాడు. ఆయన కాఫీ తాగుతూ అన్నాడు.

ఎవరి పేరని ఇవ్వమంటావు? అందరికీ చెప్పేశాను. అలవాటు ప్రకారం చీట్లు వేద్దామన్నారు. సెలవురోజు డ్యూటీకి ఏటా అదే కదా, దిండు గలీబులో పన్నెండు చీట్లు వేసి తీయడం. కానీ బండి తోసే పొడుగాయన అడ్డం తిరిగాడు.

“మనలో మనకి చీట్లేంటండీ! ముప్పై ఏళ్ళు మడతలు పెట్టిన చేతులు. కళ్ళు మూసుకుని వేలు పెడితే ఎవరి మడతో చెప్పేస్తారు. మొన్నటికి మొన్న నా చీటీని తడిమి వెతికి మరీ తీయడం నేను చూళ్ళేదా?”

నిజమే అమ్మా. ఇది ఇంకో చోటయితే నవ్వుకునే మాట. మా దగ్గర మాత్రం మడత చూసి మనిషి పేరు చెప్పగలం. పాటల పిన్ని మడత మూల కత్తిలా ఉంటుంది, కళ్ళజోడాయనది ఎప్పుడూ అర అంగుళం వంకర. అందరూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు పాటల పిన్నే అంది, “మన అన్న కంప్యూటరు నేర్చుకుంటున్నాడుగా! దానికి వేళ్ళు లేవు, మడతలు తెలీవు. అది తీసిన పేరుకి ఎవరూ పేరు పెట్టలేరు.”

ఎవరూ కాదనలేదు. నాకు లోలోపల గర్వంగా కూడా అనిపించింది, దాచుకోను. యాభై ఆరేళ్ళకి నేర్చుకున్న విద్య ఒకరికి పనికొస్తుందని.

నువ్వు పంపిన నాలుగో పాఠం కాగితం ముందు పెట్టుకుని, నువ్వు వదిలి వెళ్ళిన పాత లాప్‌టాప్ మీద రాశాను. జాబితాలోంచి ఏదో ఒకటి యాదృచ్ఛికంగా తీసే పాఠం. హాజరు పుస్తకంలో ఉన్న వరసలోనే పన్నెండు పేర్లు కొట్టాను. ఒకటి నుంచి పన్నెండు లోపల ఏదో ఒక అంకె ఎంచుకోమన్నాను, ఆ అంకె దగ్గరున్న పేరు చూపించమన్నాను. ఒకసారి తీసిన పేరే మళ్ళీ వస్తే దాన్ని వదిలి ఇంకోటి తీయమని రాశావా అని అడిగావు. రాశాను. అది మాత్రం మొదటిసారికే కుదిరింది.

అయితే పరీక్షగా నడిపి చూస్తుంటే, ఉన్నట్టుండి ఎర్ర అక్షరాలొచ్చి ఆగిపోయేది. అంకె పన్నెండు వచ్చినప్పుడే అలా అవుతోందని రెండురోజులు తల బద్దలు కొట్టుకుని కనిపెట్టాను. పన్నెండుని పదకొండు చేశాను. ఎర్ర అక్షరాలు మాయం! చంకలు గుద్దుకుంటూ నీకు ఉత్తరం రాశాను, నా అంతట నేనే బాగుచేసుకున్నానని. నిజం చెబితే వద్దంటావని, పన్నెండు కూరగాయల పేర్లతో సాధన చేస్తున్నానన్నాను. వరసలో మొదట ఉల్లిపాయ ఉందని కూడా రాశాను.

దానికి నువ్వు రాసిన జవాబు ఇప్పుడు నా ముందుంది. “నాన్నా, నువ్వు బాగుచేయలేదు, తప్పుని దాచిపెట్టావు. యంత్రం జాబితాని సున్నా నుంచి లెక్కపెడుతుంది. మొదటిది సున్నా, పన్నెండోది పదకొండు. నువ్వు ఒకటి నుంచి పదకొండు అన్నావు కాబట్టి మొదటిది ఎప్పటికీ రాదు. పాపం నీ ఉల్లిపాయకి కూరలో పడే యోగమే లేదు! ఒకటి తీసి సున్నా పెట్టు, చాలు.”

హాజరు పుస్తకంలో మొదటి పేరు మేస్త్రీది. ఆ ఉల్లిపాయని నేనే తల్లీ.

పోయినవారం ఫోనులో నా ఉత్తరం అందిందా అని అడిగావు. ఇంకా రాలేదన్నాను. పోస్టువాళ్ళని తిట్టావు. వాళ్ళ తప్పేం లేదమ్మా. నీ ఉత్తరం అంతకు రెండు వారాల ముందే, మంగళవారం సాయంత్రం వచ్చింది. పేర్లు తీసింది బుధవారం పొద్దున పది గంటలకి.

అంతా తెలిసే తీశాను.

మంగళవారం నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి చదువుతుంటే హాజరు పుస్తకం గుర్తొచ్చింది. లాప్‌టాప్ తెరిచి ఆ ‘ఒకటి’ పక్కన గీత మినుకు మినుకుమంటుంటే చూస్తూ కూర్చున్నాను. చెరిపి సున్నా కొట్టాలి, అంతే పని. ఆఖరి నిమిషంలో మారిస్తే అనుమానపడతారని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నాకు భయమేసింది. ఈ వయసులో నన్నెవరు పనిలో పెట్టుకుంటారని భయమేసింది. మూత వేసేశాను.

మర్నాడు మడతల బల్ల చుట్టూ అందరూ నిలబడ్డారు. మొదట పొడుగాయన పేరు వచ్చింది. తరువాత కళ్ళజోడాయన. మూడోసారి మీట నొక్కేముందు పాటల పిన్ని నా భుజం మీద చెయ్యేసి, “కానియ్యి అన్నా, నీ పేరొచ్చినా మేం ఏమీ అనుకోం,” అని అందర్నీ నవ్వించింది. నేనూ నవ్వాను. నొక్కాను. ఆవిడ పేరే వచ్చింది. ఆవిడ నవ్వు ఆపడానికి కాస్త టైము పట్టింది.

మిగతా ఇద్దరికీ ఏదో ఒక పని దొరికింది. ఆవిడకి దొరకలేదు. యాభై మూడేళ్ళ మనిషిని, రోలరు తప్ప ఇంకేం తెలియని మనిషిని, వయసు అడిగి గుమ్మంలోంచే పంపేస్తున్నారట.

ఊరికే కూర్చున్నాననుకోకు. మేనేజరు దగ్గరికెళ్ళి, ప్రోగ్రాములో తప్పుంది, మళ్ళీ తీయాలన్నాను. “సంతకాలైపోయాయి మేస్త్రీ,” అన్నాడు. పోనీ నేను మానేస్తాను, ఆవిణ్ణి తీసుకోండి అన్నాను. “నువ్వు మానేస్తే నీ ఉద్యోగం కూడా పోతుంది. ఆవిడ ఉద్యోగం కాగితాల మీదే లేదిప్పుడు. ఎక్కడ కూర్చోబెట్టను?” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కాగితం కూడా చూపించాడు.

ఇంట్లో ఆ ప్రోగ్రాము సరిచేసి నడిపాను. సున్నా నుంచి పదకొండు. ఒక్కోసారి మూడింట్లో నా పేరు వస్తోంది, ఒక్కోసారి రావడం లేదు. ఆ బుధవారం ఏది వచ్చి ఉండేదో అది చెప్పదు. నాకు మాత్రం అదొక్కటే తెలుసుకోవాలనుంది. అలా చూసే దారి ఏదైనా ఉందా? లేదని నాకూ తెలుసులే.

నిన్న ఆదివారం ఆవిడ ఇంటికెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. తప్పు నాది చెల్లెమ్మా, ప్రోగ్రాము నా పేరు తీయలేదు, తీయదు, అది తెలిసే నడిపాను అన్నాను. అర్థం కాలేదంది. ఇంట్లో ఉన్న దిండు గలీబులు పన్నెండు వరసగా పేర్చి చూపించాను. మొదటిదాని మీద చెయ్యి పెట్టి, యంత్రం దీన్ని సున్నా అంటుంది, అందుకే లెక్కలోకి రాలేదు అన్నాను.

ఆవిడ గలీబు తీసి నా కళ్ళ ముందు ఆడించింది. “చేతిలో ఇంత గలీబు కనబడుతుంటే సున్నా అంటావేంటన్నా? మొదటిది ఒకటే కదా! ఇలాగే లెక్కపెడితే వార్డులో నర్సమ్మ ఊరుకుంటుందా?”

మళ్ళీ చెప్పాను. వినీ వినీ నా చేతులు పట్టుకుంది. “నువ్వు ఇది మనసులో పెట్టుకుని కుమిలిపోతున్నావు. అందుకే ఏదేదో కల్పించుకుంటున్నావు. నాకు నీ మీద ఏం కోపం లేదన్నా. మనుషులు తీసుంటే కోపమొచ్చేది. దానికి నేనెవరో కూడా తెలీదు కదా,” అంది. టీ పెట్టింది. చక్కెర ఎక్కువేసింది, నాకు అలాగే ఇష్టమని. తాగాను. గలీబులు ఆవిడే మళ్ళీ మడతపెట్టింది, మూలలు కత్తిలా.

ఆవిణ్ణి క్షమించమని అడగడానికి నా తప్పు ముందు ఆవిడకి అర్థం కావాలి. అది అర్థమయ్యే మనిషివి నాకున్నవాళ్ళలో నువ్వొక్కదానివే. అందుకే నీకు రాస్తున్నాను. తిట్టు. నీ పాఠం నేను బాగానే నేర్చుకున్నాను, అదే నా బాధ.

వచ్చేనెల ఇంకో ఇద్దర్ని తగ్గిస్తారట. అందరూ మళ్ళీ ఆ ప్రోగ్రామే కావాలంటున్నారు. మిగిలినవాళ్ళం తొమ్మిదిమందిమి. ఈసారి సున్నా నుంచి ఎనిమిది. ముందే మార్చి పెట్టాను. ఇప్పుడది మారిస్తే ఎవరికేం ఒరుగుతుందో తెలియదు.

నిన్న నేను గుమ్మం దాటుతుంటే పాటల పిన్ని వెనక్కి పిలిచి ఒక కబురు చెప్పింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, మార్చే ధైర్యం నాకు లేదు.

“అమ్మాయికి రాసేటప్పుడు నా మాటగా రాయి అన్నా. నువ్వు నేర్పిన విద్యతో మీ నాన్న ఎవరికీ అన్యాయం జరక్కుండా చూశాడని.”

ఇట్లు,
నీ దగ్గర చదువుకున్న
మీ నాన్న