మూడువందల యాభై నానోమీటర్ల ఉపవాసం

సోమవారం, ఉదయం 6:10
నిర్ణయం: నా సిలికాన్ ఫిల్టర్ డిజైన్‌ని ఇక ముట్టుకోను. శుక్రవారం సాయంత్రం ఐదులోపు చిప్‌లు చేసే ఫ్యాక్టరీకి పంపాలి. తప్పితే ఆరు నెలలు ఆగాలి.

వెంట్రుక కన్నా సన్నటి సిలికాన్ దారి, పక్కన చిన్న రింగు. దారిలో వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో మీథేన్‌ని పట్టించే భాగం మాత్రమే రింగులోకి మళ్లుతుంది. రెంటికీ మధ్య సందు 350 నానోమీటర్లు. అద్భుతంగా ఉంది!

మైదుకూరు దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"నువ్వు పంపేదాకా మధ్యానం అన్నం ముట్టను పాపా. ఉపవాస ప్రార్థన పట్టినా."

"ఎందుకమ్మా, రేపే పంపేస్తా."

మంగళవారం, 9:00
టిఫిన్‌కి ఉగ్గాని, రెండు బజ్జీలు. పంపే ముందు ఫైలు ఒక్కసారి చూశాను. చూడటం ముట్టుకోవడం కాదు.

9:40. సందు 345 చేశాను. ఐదే కదా.

బుధవారం, రాత్రి 8:00
అమ్మ చర్చిలో చెప్పిందట.

"మా స్త్రీల కూటమంతా పట్టినారు పాపా. నాతో కలిపి పదకొండు మంది. పైన హనుమంతమ్మ గూడా."

"ఆమె చర్చికి రాదు కదమ్మా?"

"వాళ్ల దేవునికి చెప్పుకుంటాదంట. మిరపకాయలు కోసేకాడ అందరమూ ఒకటే గదా."

సిగ్గేసింది. సిగ్గుపడుతూనే 340 పెట్టాను.

గురువారం, 3:15
340లో అక్కర్లేని కాంతి కూడా రింగులోకి వస్తోంది. 347. 352. 349.

మా గైడ్ క్రాంతి కుమార్ సార్ చూశారు. "ఫ్యాక్టరీ వాళ్ల చేతిలోనే పది నానోమీటర్లు అటూ ఇటూ పోతాది. నువ్వు ఈడ ఒకటి కోసం కొట్లాడతాండావా?"

ఆయనకు ఓపిక తక్కువ.

శుక్రవారం, 4:35
అమ్మ ఫోన్ నుంచి హనుమంతమ్మ. "మీ యమ్మ చేన్లో కళ్లు తిరిగి కూలబడింది. నీళ్లు తాపినాము. అన్నం తినమంటే తినడంల్యా. నీ పని యాడికొచ్చింది పాపా?"

4:38. సందు 350. పంపేశాను. పన్నెండు మంది కడుపులు మాడ్చి, మొదలుపెట్టిన చోటికే వచ్చాను. ఏడుపొచ్చింది.

4:50. అమ్మ: "తింటాండాము, అందరమూ." వెనక గిన్నెల చప్పుడు.

శనివారం, 10:00
ఫ్యాక్టరీ నుంచి మెయిల్: ఫైలు అందింది, మార్పులుంటే సోమవారం దాకా పంపవచ్చు.

10:05. అమ్మ ఫోన్. "అయిపోయింది గదా? లేకుంటే మళ్లా ఉపవాసం పడ్తాము."

"అయిపోయిందమ్మా."

10:10. కొత్త నిర్ణయం: ఫైలు ముట్టుకోను. ముట్టుకుంటే ఆ మధ్యాహ్నం అన్నం నాకే బంద్.

1:20. హాస్టల్‌లో అందరూ భోంచేస్తున్నారు. నాకు ఆకలేస్తోంది.